విభూతి పొట్లంలో సగం పాట

తిరుత్తణి
12-6-1977

చిరంజీవి గుర్నాథానికి వదిన సుందరవల్లి దీవెనలు.

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను, ముందు పని సంగతి. నీకు తిరువళ్లూరులో సొంత ప్రెస్సు ఉంది. పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు, టూరింగు టాకీసు నోటీసులు అన్నీ వేస్తావు. ఊరందరికీ అచ్చు వేసేవాడివి, నీ వదిన పాటలు ఒక్క పుస్తకం వేయలేవా?

నవ్వకు. సరదాకు అడగడం లేదు. పోయిన శుక్రవారం భజనలో నా పాట పాడి అందరూ "బాగుందమ్మా" అన్నారు. ఆ మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. పులిహోర చేసినా అదే మాట, ముగ్గేసినా అదే మాట, నీ పెళ్లికి హారతి పాట రాసినా అదే మాట. మనవాళ్లు అనే మాటను నమ్మడం ఎట్లా? ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు సొంత డబ్బు పెట్టి నా పాట కొనుక్కోవాలి. అప్పుడు నమ్ముతాను, నేను రాస్తున్నది పాటేనని.

ఈ మాటే కొట్లో మీ అన్నతో అన్నాను. ఆయన కర్పూరం తూస్తూ, "పాట గాల్లో ఉండాది సుందరా. గాలికి ఎవురన్నా దుడ్డిస్తారా?" అన్నారు.

"ఊదుబత్తి పొగ కూడా గాల్లోకే పోతాది. మరి దాన్నెట్ల అమ్ముతుండారు?" అన్నాను నేను.

మన కొట్లో ఇరవై ఏళ్లుగా పొట్లాలు కడుతున్న పెరుమాళ్ ఉన్నాడే, ఆయన పని ఆపి మరీ నవ్వాడు. మీ అన్నకు పౌరుషం వచ్చింది. అక్కడికక్కడే పందెం వేశారు. "ఆడి కృత్తిక తిరునాళ్ల మూడు దినాలూ ముందు బల్ల మీద జానెడు చోటిస్తాను. మనం ఎరగనోళ్లు పదిమంది కొంటే నీ రాతకు ఇంక అడ్డం రాను. కొనకపోతే కొట్లో కూర్చోని రాసేది విడిచిపెట్టాల" అన్నారు.

నాకు రాత కుదిరేది కొట్లోనే అని నీకు తెలుసు. ఎదురుగా మురుగన్ కొండ మెట్లు, ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, మొక్కుకునేవాళ్లు, అలిగేవాళ్లు. వాళ్లను చూస్తేనే నాకు మాట పుడుతుంది. ఆ చోటు పోతే నా పాట కూడా పోయినట్టే. అయినా సరేనన్నాను. పౌరుషం ఆయన ఒక్కరిదేనా?

నోటుపుస్తకం విడిగా పార్సెలు చేస్తున్నాను. పదహారు పాటలు. కృత్తిక ఆగస్టు ఎనిమిదిన.

ఇక్కడ అందరం క్షేమం, నా మోకాలు తప్ప. మీనాంబను అడిగానని చెప్పు.

వదిన

*

తిరువళ్లూరు
19-6-1977

వదినగారికి నమస్కారాలు.

నోటుపుస్తకం వచ్చిన రోజు ప్రెస్సులో పని సాగలేదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లి మీనాంబకు చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆరో పాట దగ్గర ఆమె గరిటె కింద పెట్టేసి వచ్చి కూర్చుంది.

"మెట్టుకో పాటంట మురుగయ్యా – నా
మోకాలికేం పాట మురుగయ్యా
మీద నువ్వున్నావు మురుగయ్యా – నా
మీద బరువున్నాది మురుగయ్యా"

దేవుణ్ణి ఇట్లా నిలదీసి అడగడం మీకే చెల్లింది. మా ఆవిడ నవ్వీ నవ్వీ, తరువాత ఎందుకో కళ్లు తుడుచుకుంది. వదినా, మీరు మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నాకు తొమ్మిదేళ్లు. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది మీరే. అచ్చాఫీసు పెట్టుకున్నవాణ్ణి, ఇన్నేళ్లలో మీరు అడిగేదాకా ఈ పని నాకు తోచకపోవడమే తప్పు. అన్న పందెం సంగతి నాకు వదిలేయండి.

ఒక్క చిక్కు ఉంది. నా దగ్గర ఉన్నవన్నీ అరవ టైపులు. తెలుగు కంపోజింగు మద్రాసులో చేయించాలి. అక్కడ తెలిసిన ప్రెస్సు ఒకటి ఉంది, రేపే వెళ్తాను. పాట ఎడమ పేజీలో మొదలై ఎదురు పేజీలో ముగిసేటట్టు వేయిస్తాను. కావడి ఎత్తుకొని పాడేవాళ్లకు పేజీ తిప్పే పని ఉండకూడదు. అమ్మిన ప్రతి పుస్తకం మీదా మీకు వాటా. మరిదిని కదా అని వద్దనకండి.

పేరు ఎట్లా వేయమంటారు? "శ్రీమతి జనార్దనం" అని వేస్తే అన్న శాంతిస్తాడేమో.

మీ గుర్నాథం

*

తిరుత్తణి
2-7-1977

చి. గుర్నాథానికి,

మీ అన్న శాంతించడానికి నేను పుస్తకం వేయడం లేదు. "సుందరవల్లి" అని వేయి. ముందు ఏమీ వద్దు, వెనక ఏమీ వద్దు.

వాటా ఎందుకు వద్దంటాను? అడిగి మరీ తీసుకుంటాను. ఊరికే ఇస్తే నువ్వు నన్ను ముచ్చటపడి అచ్చు వేసినట్టవుతుంది.

ఇక్కడ మీ అన్న ముందు బల్ల మీద నిజంగానే జాన పెట్టి కొలిచి సుద్దముక్కతో గీత గీశారు. గీతకు ఇటు కుంకుమ తట్ట, అటు నా పుస్తకం. వచ్చిపోయేవాళ్లు ఆ ఖాళీ చోటు చూసి ఏమిటని అడుగుతున్నారు. ఆయన "మా ఇంటామె సరుకు వస్తాది" అంటున్నారు. వెక్కిరింపో, ప్రచారమో నాకు అర్థం కావడం లేదు.

గుర్నాథం, పైకి ధైర్యంగానే ఉంటాను. కానీ ఆ గీత చూసినప్పుడల్లా గుండె జారుతుంది. పదిమంది అంటే తక్కువేమీ కాదు. త్వరగా పంపు.

వదిన

*

(పుస్తకాల రెండో కట్టలో పెట్టిన చీటీ)

తిరువళ్లూరు
3-8-1977

వదినగారికి,

మిమ్మల్ని అడగకుండా ఒక పని చేశాను. మద్రాసు ప్రెస్సువాళ్లు తిప్పి తిప్పి, చివరికి కృత్తిక దాటాకే అన్నారు. అప్పటికి పన్నెండు రోజులే ఉన్నాయి. ఆలోచించాను. కొండకు వచ్చే మనవాళ్లలో ఆవడి, అరక్కోణం, పొన్నేరి వైపు పిల్లలందరూ చదివింది అరవ బళ్లలోనే కదా. తెలుగు మాట్లాడతారు, పాడతారు, చదవడం రాదు. అందుకని మీ తెలుగు పాటలనే అరవ అక్షరాల్లో వేశాను. ఒక్క మాట మార్చలేదు.

నేను పైకి చదువుతుంటే మా కంపోజిటర్ ఆదిమూలం విని అక్షరాలు పేర్చాడు. ఆయనకు తెలుగు ముక్క రాదు. అయినా నాలుగో రోజుకు మీ మోకాలి పాట కూనిరాగం తీస్తూ పని చేస్తున్నాడు.

మీకు అరవం చదవడం రాదని తెలుసు. కోప్పడరనే నమ్మకంతో పంపుతున్నాను. రెండు కట్టలు, కలిపి రెండువందల పుస్తకాలు. ఇంకో నూరు నా దగ్గర ఉన్నాయి.

గుర్నాథం

*

(కార్డు)

తిరుత్తణి
5-8-1977

గుర్నాథానికి,

కట్టలు చేరాయి. నువ్వు చేసిన పని చాలా బాగుంది. ఇక నా పాటల సంగతి ఎత్తవద్దు. మీ అన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు.

సుందరవల్లి

*

తిరువళ్లూరు
8-8-1977

వదినగారికి పాదాభివందనాలు.

మీ కార్డు చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఇన్నేళ్లలో మీరు నాకు "వదిన" అని కాక పేరు రాసి సంతకం పెట్టడం ఇదే మొదటిసారి. దీవెన కూడా లేదు.

మీరు దిద్దించిన అక్షరాలను పక్కన పెట్టి మీ పాటను అరవంలో అచ్చు వేశాను. అమ్ముడుపోవడం ఒక్కటే చూశాను, మీ మనసు చూడలేదు. నాది వ్యాపారి బుద్ధి అని మీనాంబ కూడా తిట్టింది.

నా దగ్గరున్న నూరు పుస్తకాలూ బీరువాలో పెట్టి తాళం వేశాను. పేర్చి కట్టి ఉంచిన సీసపు అక్షరాల పేజీలన్నీ విప్పేసి, మళ్లీ గళ్లలో వేసేయమని ఆదిమూలానికి ఈ ఉదయమే చెప్పాను. దీపావళి లోపల తెలుగులో వేయించి తెస్తాను. అప్పటిదాకా అన్న పందెం వాయిదా వేయమని నేనే వచ్చి బతిమాలుకుంటాను.

ఈ రోజు కృత్తిక. కొట్లో ఆ జానెడు చోటు ఖాళీగా ఉండి ఉంటుంది. తలుచుకుంటేనే సిగ్గుగా ఉంది.

మీ గుర్నాథం

*

తిరుత్తణి
11-8-1977

మా గుర్నాథానికి వదిన వెయ్యి దీవెనలు.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ముందు అన్నం తిను. నాకు కోపం వచ్చిన మాట నిజమే కానీ, అది నువ్వు అనుకున్న కోపం కాదు. ఏం జరిగిందో మొదటి నుంచి చెబుతాను విను.

నేను ఒక కట్టే విప్పాను. పైన మురుగన్ బొమ్మ, లోపల అంతా అరవం. అది నా పుస్తకమని నాకెట్లా తెలుస్తుంది? నువ్వు ఎవరి పుస్తకమో నాకు పంపించావని, నాది మద్రాసులోనే ఆగిపోయిందని అనుకున్నాను. మీ అన్నకు చూపిస్తే పందెం ఓడిపోయినట్టే. ఎవరిని అడిగినా ఆయనకు తెలిసిపోతుంది. అందుకని రెండు కట్టలూ బల్ల కింద పాత పేపర్ల పక్కన తోసేసి, ఏడ్చి, నీకా కార్డు రాసి పడేశాను. నీ చీటీ రెండో కట్టలో ఉండిపోయింది.

కృత్తిక ముందు రోజు మధ్యాహ్నానికే జనం విరగబడ్డారు. పాత పేపర్లు అయిపోయాయి. పెరుమాళ్‌కు ఏ భాషా చదవడం రాదు. బల్ల కింద చెయ్యి పెట్టి, దొరికిన కట్టలోని పుస్తకాల కాగితాలు ఒక్కొక్కటే చించి విభూతి పొట్లాలు కట్టేశాడు. నేనూ చూశాను. ఎవరిదో పుస్తకం, పోతే పోనీ అనుకున్నాను. నా చేతులతో నేను కూడా ఒక ఇరవై కట్టి ఉంటాను గుర్నాథం. నా పాటలను నేనే చించి!

మరుసటి రోజు పొద్దెక్కాక ఆవడి ఫ్యాక్టరీ కుర్రవాళ్లు అయిదుగురు, గుండ్లు గీయించుకొని, చందనం పూసుకొని కొట్టు ముందుకు వచ్చారు. ముందు రోజు పొట్లాలు కొన్నవాళ్లే. తలా ఒక కాగితం పట్టుకున్నారు. వాళ్లలో దండపాణి అనే అబ్బాయి కాగితం చూస్తూ పాడాడు, "మెట్టుకో పాటంట మురుగయ్యా" అని.

కుంకుమ గరిటె పక్కన పెట్టి ఆ కాగితం తీసుకొని చూశాను.

"అమ్మా, ఈ పాటకు తక్కింది యాడ? మాకు తలా ఒక ముక్క వచ్చినాది. ఒకదానికి తల ఉండాది, ఇంకొకదానికి తోక ఉండాది. రేత్రంతా సత్రంలో కలపను చూసినాము, కుదరలే" అన్నాడు.

"అది అరవం కదా నాయనా?" అన్నాను.

"అక్షరం అరవం. పాట మన తెలుగేనమ్మా. మాకు తెలుగు చదివేదానికి రాదు. ఎవురో తెలిసినోళ్లే మా కోసరం వేసినారు."

బల్ల కిందికి దూరి రెండో కట్ట విప్పాను. నీ చీటీ చేతికి వచ్చింది. చదువుతుంటే అక్షరాలు కనిపించలేదు, కళ్లు నిండిపోయాయి. ఆ పిల్లలు అయిదు పుస్తకాలు కొన్నారు. మెట్ల మీద వాళ్లు పాడుతుంటే విని ఇంకా వచ్చారు. పాట ముక్క చేతిలో పట్టుకొని తక్కింది అడిగినవాళ్లే ఎక్కువ. సాయంత్రానికి రెండో కట్టలో ఒక్కటీ మిగలలేదు.

మీ అన్న గల్లాపెట్టె దగ్గర నుంచి అంతా చూస్తూనే ఉన్నారు. కొట్టు కట్టేటప్పుడు అన్నారు, "చించిన కాయితం తీసుకోని తక్కింది కావాలని ఎనక్కి వచ్చిన గిరాకీని నలభై ఏండ్లలో చూడలే సుందరా. కుంకుమ తట్ట ఇంకా రోంత పక్కకు జరుపుతాలే." అంతకంటే ఆయన నోట పొగడ్త రాదు. నాకు అది చాలు.

మరి నువ్వు పేజీలు విప్పించేశావే! ఉన్న నూరూ వెంటనే పంపు. తరువాత సంగతి ఏం చేస్తావో నాకు తెలియదు.

సంతోషంలో క్షేమం అడగడం మరిచాను. అందరూ క్షేమమే కదా?

నీ వదిన

*

తిరువళ్లూరు
16-8-1977

వదినగారికి,

మీ ఉత్తరం మీనాంబకు, ప్రెస్సులో అందరికీ చదివి వినిపించాను. పొట్లాల సంగతి దగ్గర నవ్వాను. దండపాణి పాడిన చోటికి వచ్చేసరికి మీనాంబ ఉత్తరం లాక్కొని తక్కింది తనే చదివింది.

తరువాత పేజీలు గుర్తుకొచ్చి నెత్తి కొట్టుకున్నాను. ఆదిమూలం నా వైపు ఒకసారి చూసి, వెళ్లి మిషను వెనక దాచిన చెక్కపలకలు బయటికి లాగాడు. పదహారు పాటల పేజీలూ దారంతో కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. విప్పమన్నాను కదయ్యా అంటే, "మనసు వరలే సార్" అన్నాడు. మనసు రాలేదట! భాష తెలియని మనిషి, యజమాని మాట కాదని దాచాడు. మీ పాటలో ఏం విన్నాడో ఆయన కూడా చెప్పలేకపోయాడు.

మీరు తెలియనివాళ్లు పదిమంది కావాలన్నారు. ఈయన్ని కూడా కలుపుకోండి.

రేపటి బండికి నూరు పుస్తకాలు పంపుతున్నాను, ఆ వెనకే ఇంకో అయిదువందలు. మీ వాటా మనియార్డరుగా వస్తుంది. మీ పేరుకే వస్తుంది, అన్న సంతకం చెల్లదు.

మీ గుర్నాథం

*

తిరుత్తణి
2-1-1978

చి. గుర్నాథానికి,

మనియార్డర్లు రెండూ అందాయి. పోస్టుమాన్ ముందు నేనే సంతకం పెట్టాను. మీ అన్న మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నా పుస్తకంలోంచే నాకు అరవ అక్షరాలు చెబుతున్నారు. పాట నోటికి వచ్చు కాబట్టి ఏది ఏ అక్షరమో ఇట్టే తెలిసిపోతోంది. ఇంకో నెలలో నా పుస్తకం నేనే చదువుకుంటాను.

అసలు సంగతి ఇది కాదు. మొన్న డిసెంబరు ముప్పై ఒకటిన పడిపూజ. నీకు తెలుసు కదా, మెట్టుకు ఒక పాట చొప్పున కొండ మొదటి నుంచి చివరి దాకా పాడుకుంటూ ఎక్కుతారు. ఆ రోజు ఏ గుంపు వచ్చినా నా పాట వినబడుతుందేమోనని చెవి అటే వేసి ఉంచాను. నాకు గర్వం వచ్చిన మాట నిజం. దాచుకోను.

పొన్నేరి వైపు ఆడవాళ్ల గుంపు ఒకటి వచ్చింది. ముందు నడిచే ఆమె నా మోకాలి పాట ఎత్తుకుంది. పొంగిపోయాను. సగం అయ్యాక ఆమె పాడింది నాది కాదు. నాకు ఒళ్లు మండింది. నా పాట చెడగొట్టేది ఎవరని కొట్టు వదిలేసి, ఈ మోకాలితోనే పదకొండు మెట్లు ఎక్కి ఆమెను పట్టుకున్నాను.

ఆమె పేరు కుప్పమ్మ. నలభై ఏళ్లుంటాయి. కూలికి నాట్లు వేస్తుంది. చదువు రాదు. నన్ను చూసి బెదిరిపోయింది. "తప్పయిపోయినాదమ్మా. కృత్తికకు వచ్చినప్పుడు తీసుకున్న ఇబూది కాయితంలో ఇంతే ఉండె. మా కూతురు చదివి చెప్పినాది. తక్కింది దొరకలే. ఐప్పసి నెలలో నాట్లేస్తా ఉంటే అదే నోట్లో వచ్చినాది" అంది. కొంగు ముడి విప్పి మడత పెట్టిన కాగితం తీసి చూపించింది. పెరుమాళ్ కట్టాడో, నేనే కట్టానో.

మళ్లీ పాడమన్నాను. మెట్టు మీద కూర్చొని విన్నాను.

"నాట్లేసే మడిలోన మురుగయ్యా – నువ్వు
నారందీయొస్తివే మురుగయ్యా
మోకాటి బురదలో మురుగయ్యా – నీ
కాళ్లెవరు కడిగేరు మురుగయ్యా"

ఇప్పుడు నా పుస్తకం తీసి అదే చోట నేను రాసింది చూడు. "నీ పాదసేవలో మురుగయ్యా, నా జన్మ తరించెను మురుగయ్యా." ఇది నా మాటేనా? భజనలో వందసార్లు విన్న మాట. మోకాలు నొప్పి అని గట్టిగా అడిగినదాన్ని, జవాబు తోచక పాదాల మీద పడి తప్పించుకున్నాను. ఆమె తప్పించుకోలేదు. దేవుణ్ణి కొండ దించి, తన పక్కన బురదలో నిలబెట్టి, ఆ కాళ్లకు బురద అయిందే అని మళ్లీ తనే దిగులు పడింది. గుర్నాథం, నాకు మొదట కడుపు మండింది. రెండోసారి పాడాక మంట లేదు. మూడోసారి నేనే పాడమని బతిమాలాను.

కొత్తగా వేసేటప్పుడు నా రెండో సగం తీసెయ్. ఆమెది వేయి. కింద "కుప్పమ్మ" అని వేయి. ఆ పాట వాటా ఆమెకు పంపు. పొన్నేరి అంగడి దాటి కాలవ గట్టు మీది ఇళ్లు అంటే తెలుస్తుందట.

వదిన

*

తిరువళ్లూరు
9-1-1978

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నాకు భయం వేసింది. ఎవరో పాడింది విని మీరు మీ పాట మీద చెయ్యి చేసుకుంటున్నారు. ఆమె మాటలు బాగున్నాయి, కాదనను. కానీ అయిదువందల ఇళ్లలో మీ పాట ఉంది. మీరు అలిసిపోయి, లేదా మనసు కష్టపెట్టుకొని రాయడం మానేస్తారేమోనని మీనాంబ కూడా అంటోంది.

మీది మీదిగా ఉండనివ్వండి. ఆమె చరణం పుస్తకం చివర, "ఇంకొక విధం" అని చిన్న అక్షరాల్లో వేద్దాం. పేరు వేస్తాం కదా, అదే ఆమెకు గొప్ప. కూలి మనిషి, అర పాటకు డబ్బు పంపితే ఏమనుకుంటుందో ఏమో.

మీ గుర్నాథం

*

తిరుత్తణి
14-1-1978

గుర్నాథానికి దీవెనలు.

ఈసారి నాకు నిజంగానే కోపం వచ్చింది, కానీ దీవించే రాస్తున్నాను, లేకపోతే మళ్లీ అన్నం మానేస్తావు.

నేను మనసు కష్టపెట్టుకోలేదు. ఈ పది రోజుల్లో మూడు పాటలు రాశాను. మూడింట్లోనూ విన్న మాట ఒక్కటి కనిపించినా కొట్టేస్తున్నాను. కుప్పమ్మ నాకు నేర్పింది అది.

"పేరు వేస్తే అదే గొప్ప" అన్నావే, ఆ మాట నాకు ఎవరైనా అంటే నేను ఊరుకునేదాన్నా? ఊరికే పేరు వేస్తే అది మనం ఆమెను మెచ్చుకున్నట్టు. డబ్బు చేతికి వెళ్తేనే ఆమె పని చేసినట్టు. నాకు ఎరగనివాళ్లు కొన్నాకే నమ్మకం కుదిరింది. ఆమెకు కూడా ఎరగనిచోటు నుంచి రావాలి.

అర పాటకు ఎంత అని మీ అన్న లెక్క వేయబోయారు. పాట మొత్తం వాటా పంపమన్నాను. ఆ పాటను నిలబెట్టింది ఆమె. పెద్ద అక్షరాల్లో వేయి. ఆదిమూలం చేతనే పేర్పించు.

వదిన

*

తిరువళ్లూరు
12-2-1978

వదినా,

నమస్కారం కూడా మరిచి మొదలుపెడుతున్నాను. నిన్ననే పొన్నేరి నుంచి వచ్చాను.

మీరు చెప్పినట్టే కుప్పమ్మకు ఆ పాట వాటా కింద పది రూపాయలు ముందుగా మనియార్డరు చేశాను. వారానికి అది తిరిగి వచ్చింది. పుచ్చుకోలేదని రాసి ఉంది. నేను అన్నదే నిజమైందని మీనాంబతో కాస్త గర్వంగానే అన్నాను. ఆమె, "పోయి చూసి వచ్చి ఆ మాట చెప్పండి" అంది. కొత్త పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకొని బస్సు ఎక్కాను.

కాలవ గట్టు దగ్గర మడిలో కుప్పమ్మ కలుపు తీస్తోంది. నన్ను చూసి మొదట గట్టెక్కలేదు. "పోస్టాయన వచ్చి దుడ్డు వచ్చినాదన్నాడయ్యా. మాకు ఎవురు పంపిస్తారు? వేరే కుప్పమ్మదేమో, రేపు వచ్చి అడిగితే యాడ నుంచి తెచ్చి ఇచ్చేది? వద్దంటిని" అంది. భయమే వదినా, ఇంకేమీ కాదు. నేను ఏమేమో ఊహించుకున్నాను.

పుస్తకం తీసి ఆరో పాట చూపించాను. చేతులు కడుక్కొని వచ్చి, తీసుకోకుండా వంగి చూసింది. ఆమె కూతురు చదివింది. తన మాట తనకు కాగితంలోంచి వినబడితే ఆమె ముఖం చూడాలి మీరు. "కుప్పమ్మ" అన్న చోట వేలు పెట్టి చూపించి, పది రూపాయల నోటు తీసి, ఈ డబ్బు ఆ పాటకేనమ్మా అని చెప్పాను.

"పాటకా?" అంది.

"పాటకే."

"నాటుకు కాదు? కలుపుకు కాదు?"

"కాదమ్మా. నువ్వు కట్టిన పాటకు."

నోటు తీసుకొని కొంగున ముడివేసుకుంది. తరువాత మడిలో ఉన్నవాళ్లకు ఇప్పుడే వస్తానని కేకవేసి, గట్టు మీద చోటు చూపించి, "అట్లయితే కూర్చోండయ్యా. ఇంకా ఉండాయి" అంది.

కూర్చున్నాను. ఆమె పాడుతూ ఉంది, నేను రాస్తూ ఉన్నాను. ఏడో పాటకు నా కాగితాలు అయిపోయాయి. తిరిగి వచ్చిన మనియార్డరు రసీదు వెనక, బస్సు టిక్కెట్టు వెనక, చివరికి మీ ఉత్తరం అంచుల్లో కూడా రాశాను. పద్నాలుగు పాటలు. వదినా, మీరు మెట్టు మీద ఎందుకు కూర్చుండిపోయారో నాకు ఆ గట్టు మీద తెలిసింది.

వచ్చేముందు అడిగాను. "ఇన్ని పాటలు ఎప్పుడు కట్టినావమ్మా?" అని.

"పని చేసేటప్పుడు వచ్చేవి. అవీ పనేనని నాకెవురు చెప్పినారు?" అంది.

వచ్చే ఆదివారం మిమ్మల్ని కూడా తీసుకొని వెళ్తాను.

మీ గుర్నాథం